తీగ లేని టెలిగ్రాఫ్ కట్టిన క్లోడ్ షాప్

2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయే వరకు మన పెద్దలు దాన్ని ‘తంతి’ అనేవారు. తంతి అంటే తీగ. అయితే టెలిగ్రాఫ్ అన్న పేరు మొదట పెట్టింది తీగే లేని ఏర్పాటుకు. యుద్ధకాలంలో దాన్ని నిర్మించిన క్లోడ్ షాప్ గురించి మేము తరగతిలో చెప్పుకున్నాం.

క్లోడ్ 1763లో ఫ్రాన్స్‌లోని బ్రూలోన్‌లో పుట్టారు. చర్చి ద్వారా వచ్చే ఆదాయంతో శాస్త్ర ప్రయోగాలు చేసుకునేవారు. 1789 విప్లవంతో ఆ ఆదాయం పోయింది. అన్నదమ్ములతో కలిసి, కంటికి కనిపించే గుర్తులతో కబురు పంపే పని మొదలుపెట్టారు. 1791లో సొంత ఊరికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని పార్సేకు సందేశం అందింది. పారిస్‌లో మాత్రం, శత్రువులకు సైగలు చేస్తున్నారన్న అనుమానంతో జనం ఆయన యంత్రాన్ని ధ్వంసం చేశారు.

అప్పటికే సరిహద్దుల్లో యుద్ధం. గుర్రం మీద కబురు వచ్చేలోగా అక్కడి పరిస్థితి మారిపోయేది. 1793లో ప్రభుత్వం క్లోడ్ పద్ధతిని ఒప్పుకుంది. మరుసటి ఏడాదికి పారిస్ నుంచి లిల్ దాకా, 200 కిలోమీటర్లకు పైగా గోపురాల వరుస లేచింది. పైన కదిలే చేతులు, లోపల దుర్భిణితో పక్క గోపురాన్ని చూసి అదే ఆకారం తిప్పే ఉద్యోగి. వాటి అర్థం ఆయనకు తెలియదు. సంకేతాల పుస్తకం రెండు కొసల్లోనే ఉండేది కాబట్టి రహస్యం దక్కేది. కాని పొగమంచు కమ్మినా, చీకటి పడినా పని ఆగేది. మధ్యలో ఒక్కరు ఏమరినా వరుసంతా తెగేది. అయినా 1794 ఆగస్టులో కాండే పట్టణం తిరిగి చేజిక్కిందన్న వార్త అదే రోజు పారిస్ చేరింది.

తర్వాత ఈ ఆలోచన తమదేనంటూ కొందరు వాదానికి దిగారు. నిందలు, అనారోగ్యం క్లోడ్‌ను కుంగదీశాయి. 1805లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. దేశం మెచ్చిన మనిషి బాధ పక్కవారికి అందలేదు. సోదరులు పని కొనసాగించారు. విద్యుత్ టెలిగ్రాఫ్ వచ్చేనాటికి గోపురాలు 500 దాటాయి.

పాఠం అయ్యాక పిల్లలను మైదానంలో వరుసగా నిలబెట్టి చేతి సైగలతో కబురు పంపించాం. మధ్యలో ఒకరు పక్కకు చూశారు, మాట మారిపోయింది. అందరూ నవ్వారు. రెండోసారి ఎవరూ చూపు తిప్పలేదు. మీ బడిలోనూ ఆడించి చూడండి. ఇంటికొచ్చాక ఆ పూట ఏమైందో తెలుగులో చెప్పమని అడగండి, చివరిదాకా వినండి.