ప్రతి విశ్వాసియు సాక్షియే
బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగములు: మార్కు 10:35–45, 1 కొరింథీ 9:16–19

సువార్త పని యనగా పాస్టరుగారి పని, ఉపదేశిగారి పని, జీతము పుచ్చుకొనువారి పని అని మనలో అనేకులు తలంచుచుందురు. ఆదివారము ఆరాధనకు వచ్చి, కానుక వేసి, ఇంటికి పోయినయెడల మన బాధ్యత తీరినదని అనుకొందుము. ఈ తలంపు సరికాదని తన జీవితమంతటిచేత చూపిన దైవజనుడొకడు మన తెలుగు దేశమందే, డోర్నకల్లులో, ప్రభువునందు నిద్రించుచున్నాడు. ఆయనయే బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన పుట్టుకచేత తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17వ తేదీన తమిళ దేశములో, తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై అను గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామ పాదిరి, తల్లి ఎల్లెనమ్మగారు. అజరయ్యగారు బాలుడై యుండగానే 1889లో తండ్రి మరణించెను. తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టా పొందలేదు. 1895లో వై. ఎం. సి. ఎ. కార్యదర్శిగా చేరి, ఊరూర తిరిగి యువజనులకు ప్రభువును గూర్చి బోధించుచుండెను. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావంతురాలిని, కట్నము తీసికొనకుండ, ఆడంబరము లేకుండ వివాహమాడెను. కట్నములకొరకు అప్పులపాలగు కుటుంబములు నేటికిని మన సంఘములలో ఉన్నవి గనుక, ఈ సంగతి మనము గుర్తుంచుకొనదగినది.

1902లో ఆయన సింహళములోని జాఫ్నాకు వెళ్ళెను. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులను ఇతర ప్రాంతములకు సువార్త పనికై పంపుచుండుట చూచెను. ఆయన హృదయము నొచ్చుకొనెను. తిరునెల్వేలిలో వేలకొలది క్రైస్తవులు ఉండిరి, మందిరములు ఉండెను, తమ భాషలో బైబిలు ఉండెను. అయినను ఆ సంఘము వెలుపలి దేశములకు తనంతట తానుగా ఎవరిని పంపియుండలేదు. తానును ఊరూర ప్రసంగించుచుండెనే గాని ఈ కొరతను చూడలేదని ఆయనకు తెలిసెను. తిరిగి వచ్చి ఊరకుండలేదు. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. ఆ సంఘమువారు ఏర్పరచుకొనిన పొలము నైజాము రాజ్యములోని డోర్నకల్లు. 1905లో కేరీగారు పనిచేసిన శ్రీరామపురములో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపింపబడినప్పుడును అజరయ్యగారు ముందు నిలిచిరి.

అయితే ఇతరులను పొండని చెప్పి తాను పోకుండుట ఎట్లు? ఈ ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. 1909లో, ముప్పదియైదవ ఏట, పేరుపొందిన ఉద్యోగమును విడిచి, గురువుగా అభిషేకము పొంది, డోర్నకల్లుకు వచ్చెను. దేశమంతట ప్రసంగించినవాడు ఇక్కడ తెలుగు అక్షరములు దిద్దుకొనవలసి వచ్చెను. సేవకుడు కాగోరువాడు మొదట నేర్చుకొనువాడు కావలెను గదా.

మరుసటి సంవత్సరము ఎడింబరో పట్టణములో లోకమంతటి మిషనరీల మహాసభ జరిగెను. అచ్చట ఆయన నిర్భయముగా ఒక మాట చెప్పెను. తెల్లవారు మన దేశమునకు తమ ధనమును, తమ ప్రాణములను సహితము ఇచ్చిరని ఒప్పుకొనెను. కాని పైనుండి దయ చూపుట చాలదనియు, తమతో సమానముగా కూర్చుండు స్నేహితులు భారతీయులకు కావలెననియు విన్నవించెను. ఆ మాట అనేకులకు రుచింపలేదు. అయినను పక్కన కూర్చుండక చేయు ఉపకారము క్రీస్తు సేవ కానేరదని ఆయన ఎరుగును.

ఇతరులకు చెప్పినదానిని తానును చేయవలసియుండెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో ఆయన డోర్నకల్లు బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. 1920లో, పట్టా లేని ఈ సేవకునికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను. అయినను ఆయన దినములు ఎక్కువగా గడచినది ఎడ్లబండిమీదను సైకిలుమీదను, మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను. ఊరివారు అంటరానివారని దూరముంచిన మనుష్యులయొద్ద ఆయన బస చేసి, బోధించి, వారి కష్టసుఖములు విచారించెను. అమ్మగారును వెంట వచ్చి స్త్రీలకు నేర్పుచుండిరి. మురికి, రోగము, అప్పు, సారాయి అను నాలుగు దయ్యములను పల్లెలనుండి వెళ్ళగొట్టవలెనని ఆయన బోధించెను. ఇల్లు ఊడ్చుకొనుటయు, త్రాగుడు మానుటయు, అప్పు చేయకుండుటయు ఆయన దృష్టిలో విశ్వాసమునకు వేరైన సంగతులు కావు.

బాప్తిస్మము పొందువారిచేత ఆయన ఒక పని చేయించుచుండెను. వారు తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను తమ మాటగా చేసికొని, సువార్త ప్రకటింపకున్నయెడల తమకు శ్రమ అని ఒప్పుకొనవలెను. అక్షరము రాని కూలివానికిని ఇదే విధి. అతడు ఆ దినముననే సాక్షి యయ్యెను. ఏటేట సాక్ష్య వారము జరుగునప్పుడు జీతము లేని సామాన్య విశ్వాసులు, పురుషులును స్త్రీలును, పొరుగు గ్రామములకు పోయి తాము పొందిన మేలును చెప్పుచుండిరి. తమ బీదతనములోనే కానుక ఇచ్చుటయు ఆయన నేర్పెను. క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమును వ్రాసెను.

ఫలము ఎట్లు వచ్చెనో వినుడి. 1930 తరువాతి సంవత్సరములలో పై కులములనుండియు అనేకులు క్రీస్తునొద్దకు వచ్చిరి. వారిని కదలించినది గొప్ప ప్రసంగము కాదు. తమ పొలములలో పనిచేయు కూలివారు త్రాగుడు మాని, అబద్ధము మాని, శుభ్రముగా జీవించుట వారు కన్నులార చూచిరి. పౌలుగారి పత్రిక చదువనివారు తమ పాలేరు బ్రదుకును చదివిరి. కృష్ణా మొదలగు ప్రాంతముల సంఘములును చేరియుండగా, ఆయన అంత్యకాలమునకు ఆ అధ్యక్ష మండలములోని విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

1939 జనవరి 6న డోర్నకల్లు దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అందులో మన దేశపు స్తంభములును, తామర పువ్వుల చెక్కడమును, తురక కట్టడములవంటి గుమ్మటములును కలవు. క్రీస్తు మన దేశములో పరదేశి కాడని ఆ రాళ్ళు నేటికిని చెప్పుచున్నవి. సంఘముల ఐక్యతకొరకు ఆయన అనేక సంవత్సరములు ప్రయాసపడెను గాని, దాని నెరవేర్పు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లులో ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. విత్తువాడు ఒకడు, కోయువాడు మరియొకడు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మనలో బిషప్పులు కాగలవారు కొద్దిమందియే. కాని ఆయన మనలనుండి కోరినది ఆ పదవి కాదు. మీ మేస్త్రి లేనప్పుడును నాట్లు సరిగా వేయుడి. కళ్ళములో కొలత తప్పకుండుడి. పొరుగింటివారు జ్వరముతో పడియుండగా, వారు ఏ కులమువారైనను, గంజి కాచి తీసికొనిపోవుడి. ఇచ్చి వెంటనే తిరిగి రాక, కొంతసేపు వారి మంచముదగ్గర కూర్చుండుడి. ఈ నెలలో ఒక దినము మీ చేతిని మీ తలమీద ఉంచుకొని, నా బాప్తిస్మము నా ఇరుగుపొరుగువారికి ఏమి మేలు చేసినదని మిమ్మును మీరే అడుగుకొనుడి.

ప్రార్థన: ప్రభువా, సేవ చేయించుకొనుటకు గాక సేవ చేయుటకు నీవు వచ్చితివి. మా పొలములలోను, మా వంటయిండ్లలోను, మా వీధులలోను మమ్మును నీ సాక్షులుగా చేయుము. ఆమేన్.