కత్తి పట్టకుండా కాళ్లు నిలిపిన హ్యూ ఓవెన్ థామస్

19వ శతాబ్దపు లివర్‌పూల్ రేవులో కూలీకి కాలు విరిగితే ఆ కుటుంబం వీధిన పడినట్లే. మోకాలి గాయం తీవ్రమైతే కాలు తొలగించడమే మార్గమని నాటి వైద్యులు తరచూ భావించేవారు. విశ్రాంతినే ఔషధంగా నమ్మి, అటువంటి కాళ్లను ఎన్నింటినో కాపాడిన వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్.

ఆయన 1834లో వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో జన్మించారు. వారిది తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కట్టే కుటుంబం. తండ్రి ఇవాన్ థామస్‌కు హస్తవాసి ఉన్నా పట్టా లేదు. ఆ కారణంగా ఆయన పలుమార్లు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. తన కుమారులకు ఆ అవమానం కలగరాదని ఐదుగురినీ వైద్యవిద్య చదివించారు. హ్యూ 1857లో పట్టా పొంది, కొంతకాలం తండ్రి వద్ద పనిచేసి, అనంతరం లివర్‌పూల్‌లోనే సొంతంగా వైద్యం ప్రారంభించారు.

ఆయనకు ఏ పెద్ద ఆసుపత్రిలోనూ పదవి లేదు. నెల్సన్ వీధిలోని ఇంటి వద్దే కమ్మరిని, తోలుపనివారిని నియమించుకుని రోగి కొలతలకు తగిన పరికరాలు చేయించేవారు. ఆదివారాల్లో పేదలకు ఉచితంగా చికిత్స చేసేవారు.

ఆయన పేరు నిలిపినది థామస్ స్ప్లింట్. తొడ మొదట్లో తోలు చుట్టిన ఇనుప వలయం, దాని నుంచి కాలికి ఇరువైపులా దిగే రెండు కడ్డీలు: ఇంతే దాని నిర్మాణం. తొలుత మోకాలి కీలు వ్యాధులకు వాడిన ఈ సాధనం తరువాత ఎముకల విరుగుళ్లకూ ఉపయోగపడింది. బూటు మడమకు అమర్చే మరో రూపంలో, శరీర భారం మోకాలిపై పడక వలయం ద్వారా కటి ఎముకకు చేరేది. అందువల్ల రోగి మంచానికే పరిమితం కాకుండా నడవగలిగేవాడు.

కీలు బిగుసుకుపోవడానికి కారణం విశ్రాంతి కాదని, వాపేనని ఆయన వాదించారు. తుంటి, మోకాలు, చీలమండ వ్యాధులపై 1875లో గ్రంథం వెలువరించారు. అయినా జీవించి ఉండగా ఆయనకు తగిన గుర్తింపు దక్కలేదు. 1891 జనవరిలో, 56 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన వద్ద శిక్షణ పొందిన రాబర్ట్ జోన్స్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ స్ప్లింట్‌ను సైన్యంలో విస్తృతంగా వాడించారు. దానితో తొడ ఎముక విరిగిన సైనికుల మరణాలు గణనీయంగా తగ్గాయి.

దీర్ఘ విశ్రాంతిపై థామస్ పట్టుదలను నేటి వైద్యం సవరించింది. ఎముక ముక్కలు పక్కకు జరిగితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. వీలైనంత త్వరగా మోకాలిని కదిలించడమూ ముఖ్యమే. అయితే ఎముక స్థానం తప్పని సందర్భాల్లో కాలికి ఆధారమిచ్చి, భారం పడనీయకుండా అతికే వ్యవధి ఇవ్వడమనే పద్ధతి నేటికీ కొనసాగుతోంది.