మూసీ వరదకు కళ్లెం వేసిన విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో నగర పునర్నిర్మాణ ప్రణాళికను చేపట్టారు.

మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించిన ఆయన పూర్వీకులది ఆంధ్ర ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. బొంబాయి ప్రభుత్వ సర్వీసులో ఉండగా సింధ్‌లోని సుక్కూరుకు మంచినీటి పథకాన్ని నిర్మించారు.

వరదను నగరానికి ఎగువనే నిలువరించాలని ఆయన సూచించారు. తదనుగుణంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నివారణకు ఉద్దేశించిన ఈ జలాశయాలే దశాబ్దాలపాటు నగరవాసుల దాహార్తిని తీర్చాయి. మంచినీటి సరఫరాతోపాటు మురుగు పారుదల కూడా మెరుగుపడనిదే ప్రజారోగ్యానికి రక్షణ లేదని భావించి, భూగర్భ మురుగుకాల్వల ఏర్పాటుకూ ఆయన పథకం రూపొందించారు.

1955లో భారతరత్న పురస్కారం అందుకున్న విశ్వేశ్వరయ్య 1962లో కన్నుమూశారు.