విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్: పుస్తకాల అంగడిలో వెలసిన వృక్షశాస్త్రవేత్త

గురుకులమున అడుగిడక విద్య సాధించినవానిని తలచినపుడు మనవారికి ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశములోని లైప్‌జిగ్ నగరమందు నివసించిన విల్హెల్మ్ హోఫ్‌మైస్టర్ అట్టివాడే. ఏకలవ్యునకు మట్టితో చేసిన గురుమూర్తి యుండెను. ఈతనికి గురువు వ్రాసిన పుస్తక ముండెను. తుదకు ఆ గురువు సిద్ధాంతమునే ఈతడు కూలద్రోసెను. అయినను బొటనవ్రేలు మాత్రము ఎవ్వరును అడుగలేదు.

హోఫ్‌మైస్టర్ 1824 మే 18వ తేదీన జన్మించెను. తండ్రి ఫ్రీడ్రిష్ హోఫ్‌మైస్టర్ సంగీత గ్రంథములను ముద్రించి అమ్ము వర్తకుడు. దేశమున నూతనముగా అచ్చుపడిన సంగీత గ్రంథముల పట్టికను 1829 మొదలుకొని నెలనెల ప్రకటించిన సంస్థ ఆయనది. ఆయనకు మొక్కలన్న ప్రాణము. ఎండబెట్టిన మొక్కలను సేకరించుటయే గాక, వృక్షశాస్త్ర గ్రంథములను గూడ అచ్చువేయించెను. కుమారుడు పదునైదవ యేట బడి చాలించి, హాంబుర్గ్ రేవుపట్టణమున ఒక సంగీతపు అంగడిలో రెండేండ్లు పని నేర్చుకొని, 1841లో ఇల్లు చేరెను. విదేశపు వర్తకులతో ఉత్తరప్రత్యుత్తరములు నడుపుట అతని వంతాయెను. లైప్‌జిగ్‌లో ప్రాచీనమైన విశ్వవిద్యాలయము కలదు. కాని అతడు విద్యార్థిగా దాని గడప త్రొక్కలేదు.

పగలెల్ల జాబులు, జమాఖర్చులు. కావున అతడు చదువునకు బ్రాహ్మీముహూర్తమును ఎన్నుకొనెను. ఉదయము నాలుగు గంటలకు లేచి ఆరు గంటల వరకు సూక్ష్మదర్శిని కడ కూర్చుండెడివాడు. అతనికి దగ్గరి చూపు మాత్రమే సరిగా ఆనెడిది. దూరపు వస్తువులు మసకగా నుండెడివి. ఈ లోపమే అతనికి సాయపడెను. ఆవగింజకన్న చిన్నదగు అండమును కంటికి ఆనించునంత దగ్గరగా పట్టుకొని, భూతద్దము లేకయే చీల్చి చూడగలిగెడివాడు. చూచిన దానికి చిత్రములను తానే వ్రాసికొనెడివాడు.

యేనా నగరమున ఆచార్యుడైన ష్లైడెన్ వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథము 1842, 1843 సంవత్సరములలో వెలువడెను. మొక్కలకు పేరులు పెట్టి వరుసలు కూర్చుటతో తృప్తి పడక, మొక్క ఏ కణముతో మొదలై ఎట్లు పెరుగునో ఆది నుండి చూడవలయునని ఆ గ్రంథము బోధించెను. హోఫ్‌మైస్టర్ దానిని మనసార స్వీకరించెను. వచ్చిన చిక్కంతయు ఆ ఆచార్యుని మఱియొక సిద్ధాంతముతోనే వచ్చెను.

గుమ్మడిపాదున మగపూవు పుప్పొడి ఆడపూవునకు అంటనిదే కాయ నిలువదని పెరడు పెంచు స్త్రీలందరు ఎఱుగుదురు. పుప్పొడి రేణువు కీలాగ్రముపై పడి, సన్నని గొట్టమును మొలపించి, అది క్రిందికి దిగి అండమును చేరునని అప్పటికే తెలిసియుండెను. అటుపిమ్మట గింజలోని శిశువు దేనినుండి పుట్టును? బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా యని మన ధర్మశాస్త్రకారులు చర్చించిన ప్రశ్నయే ఇది. పుప్పొడి గొట్టపు కొనయే అండములో దూరి పిండమగునని, అండము కేవలము దానిని పోషించు పొలమని ష్లైడెన్ 1837లో ప్రకటించియుండెను. ఇటలీ దేశీయుడు, సూక్ష్మదర్శినులను నిర్మించుటలో సిద్ధహస్తుడు అగు అమీచీ దీనిని ఖండించెను. గొట్టము రాకపూర్వమే అండములో ఒక కణము సిద్ధముగా నుండి, గొట్టము చేరిన పిదప ఆ కణమే పిండముగా పెరుగునని అతడు 1846లో సీతాకోకచిలుకలవంటి పూలు పూయు ఆర్కిడ్ మొక్కలయందు చూపెను.

వివాదము పెద్దలది, తీర్పు చెప్పినవాడు ఇరువది మూడేండ్ల వర్తకుడు. హోఫ్‌మైస్టర్ తన మొదటి వ్యాసమును 1847లో ప్రకటించెను. ఆ యేడే అతనికి వివాహమయ్యెను. 1849లో వెలువడిన పుస్తకమున అతడు పెక్కు జాతుల మొక్కలను పరీక్షించి, ప్రతిదానియందును పిండము అండములోని కణమునుండియే పుట్టుచున్నదనియు, పుప్పొడి గొట్టము దానిని ప్రేరేపించుచున్నదే కాని తాను పిండమగుట లేదనియు చిత్రములతో నిరూపించెను. కణములు విభజన చెందునపుడు వాని నడుమ గుంపుగూడు ముద్దలను గూడ అతడు ఆ రోజులలో గీసియుంచెను. వానికి క్రోమోజోములను పేరు 1888లో గాని రాలేదు.

సత్యము వెంటనే గెలుచునని తలచుట పొరపాటు. ష్లైడెన్ పక్షమున వాదించిన షాఖ్ట్ అనువాని గ్రంథమునకు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రాజకీయ విద్వత్సంస్థ బహుమాన మొసగెను. పేరుగల పండితులు ఒకవైపు, సంగీతపుస్తకములు అమ్ముకొనువాడు మఱియొకవైపు. అయినను 1851లో రోస్టాక్ విశ్వవిద్యాలయము హోఫ్‌మైస్టర్‌కు గౌరవ డాక్టరు బిరుదము నిచ్చెను. 1856లో ష్లైడెన్ శిష్యుడగు రాడ్ల్‌కోఫర్ తానుగా పరీక్షించి చూచి, హోఫ్‌మైస్టర్ చెప్పినదే నిజమని ప్రకటించెను. గురువు గూడ తన మాటను వదలుకొనెనని అదే సందర్భమున లోకమునకు తెలిసెను. కొంతకాలమునకు షాఖ్ట్ సైతము అంగీకరించెను. ఓడినవారు ఓటమి నొప్పుకొనుట యే వాదమునందును తఱచుగా జరుగునది కాదు గనుక ఇది వారికిని కీర్తియే.

ఈ కలహము సాగుచుండగనే అతడు అంతకు మించిన పనిని ముగించెను. దిగుడుబావి రాళ్ల సందులలో పెరుగు ఫెర్న్ మొక్క ఆకు వెనుక గోధుమరంగు చుక్కలు కనబడును. అందలి పొడి తడినేలపై పడి మొలచినపుడు ఫెర్న్ మొక్క రాదు. గోరంత వెడల్పున, పలుచగా, పచ్చని రేకు వంటి వేరొక చిన్న మొక్క వచ్చును. ఆ రేకు అడుగుభాగమున స్త్రీ పురుష బీజము లుండునని, పురుషబీజములు నీటిచుక్కలో ఈదునని నేగెలి, సుమిన్‌స్కీ అను శాస్త్రజ్ఞులు 1844, 1848 సంవత్సరములలో కనుగొనియుండిరి. ఆ రెంటి కలయికనుండియే పెద్ద ఫెర్న్ మొక్క మరల పుట్టును. అనగా వంశావళి వ్రాసిన యెడల తండ్రి పోలిక కొడుకునకు రాదు, తాత పోలిక మనుమనికి వచ్చును. ఒక తరము తప్పించి ఒక తరము.

హోఫ్‌మైస్టర్ 1851లో ప్రకటించిన గ్రంథమున ఈ రెండు తరముల వంతు ఫెర్న్ మొక్కలకే పరిమితము కాదని చూపెను. నాచులందు కంటికి కనబడు పచ్చని మొక్క బీజములను కను తరము. దాని తలపై సన్నని కాడతో లేచు గుళిక రెండవ తరము. ఫెర్న్‌లలో పెద్దరికము తారుమారయ్యెను. దేవదారు, పైను జాతులలో ఆ గోరంత తరము మఱింత కృశించి అండములోపల దాగిపోయెను. పూలు పూయు మొక్కలకు, పూలు లేనివానికి నడుమ దాటరాని అగడ్త యున్నదని శాస్త్రజ్ఞులు అంతవరకు నమ్మిరి. ఆ అగడ్తపై వంతెన కట్టినవాడు ఇరువదియేడేండ్లవాడు. డార్విన్ తన జీవజాతుల ఉత్పత్తి గ్రంథమును ప్రకటించుటకు ఇంకను ఎనిమిదేండ్ల కాలముండెను. ఆంగ్లానువాదము 1862లో లండనులో రే సొసైటీ పక్షమున వెలువడెను.

1863లో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయము అతనిని వృక్షశాస్త్రాచార్యునిగను, ఉద్యానమునకు అధికారిగను పిలిచెను. విద్యార్థిగా ఒక్క దినము గూడ విశ్వవిద్యాలయమున చదువని వ్యక్తి ఆచార్యపీఠ మెక్కుట ఆ దేశమున అబ్బురమే. రసాయనమున బున్‌సెన్, భౌతికమున కిర్హాఫ్, శరీరధర్మశాస్త్రమున హెల్మ్‌హోల్ట్స్ అచ్చట వెలుగుచున్న రోజులవి. నలువది దాపునకు చేరుదాక ఒంటరిగా పనిచేసినవానికి తోడు దొరకినది. డీ బారీ, జాక్స్, ఇర్మిష్ మున్నగు మిత్రులతో కలసి వృక్షశరీరధర్మ శాస్త్రమునకు ఒక మహాగ్రంథమును భాగములుగా వెలువరింప పూనుకొనెను. జాక్స్ వ్రాసిన భాగము 1865లోను, డీ బారీ శిలీంధ్రములపై వ్రాసినది 1866లోను, కణమును గూర్చి హోఫ్‌మైస్టర్ వ్రాసినది 1867లోను వచ్చెను. సంకల్పించినదంతయు పూర్తి కాలేదు. పలువురు కలసి వ్రాయు గ్రంథములకు ఇది సహజమే. అయినను వచ్చినంతవరకు చిరకాలము ప్రమాణముగా నిలిచెను.

అతని కడ పనిచేసిన విద్యార్థులలో ఫ్రాన్సు దేశపు మిల్లార్డే ఒకడు. మన రైతులు నిమ్మ, తమలపాకు తోటలకు చల్లు బోర్డో మిశ్రమము, అనగా మైలుతుత్తము సున్నము కలిపిన మందు, ద్రాక్షతోటల తెగులునకు పనికివచ్చునని 1885లో ప్రకటించినవా డితడే. గురువు అండమున చూచిన చూపును శిష్యుడు ఆకుమచ్చపైకి మరల్చెను.

1868లో వెలువడిన గ్రంథమున హోఫ్‌మైస్టర్ కొమ్మ కొనను గూర్చి ఒక నియమము చెప్పెను. మొలక కొనయందు పుట్టు క్రొత్త ఆకు, అంతకుముందు పుట్టిన లేత ఆకుల నడుమ ఎచ్చట ఎక్కువ ఎడమున్నదో అచ్చటనే తలయెత్తును. బంతిభోజనమున ఆలస్యముగా వచ్చినవాడు వెడల్పైన సందు చూచి కూర్చుండునట్లు. కారణమేమని అడిగిన అప్పటివారికి సమాధానము లేదు. ఆక్సిన్ అను వృద్ధిపదార్థమును ముందు పుట్టిన ఆకులు తమవైపు లాగుకొనుటచే, వానికి దూరమైన చోటనే అది కూడి క్రొత్త ఆకు నెత్తునని 2003లో స్విట్జర్లాండు పరిశోధకులు చూపిరి.

కీర్తి పెరిగిన దినములలోనే ఇల్లు చీకటియయ్యెను. 1870లో భార్య గతించెను. పిల్లలలో పెక్కుమంది తండ్రి కన్నులయెదుటనే పోయిరి. 1872లో అతడు హ్యూగో ఫాన్ మోల్ అధిష్ఠించిన ట్యూబింగెన్ పీఠమునకు వచ్చెను. గేబెల్ అను యువకుడు అచ్చట అతని శిష్యుడయ్యెను. గురువు జీవితచరిత్రను వ్రాసినవాడును అతడే. పక్షవాతముచే దేహము చెడగా హోఫ్‌మైస్టర్ 1876లో పదవి విడిచి, లైప్‌జిగ్ చెంత లిండెనౌకు మరలి, 1877 జనవరి 12న ఏబదిరెండేండ్ల వయసున మరణించెను. బయలుదేరిన ఊరి చేరువనే ప్రయాణము ముగిసెను.

అతని 1851 గ్రంథమున ఒక ఊహ మిగిలియుండెను. పైను జాతివంటి మొక్కలయందు సైతము పుప్పొడి గొట్టములో, ఫెర్న్‌లందువలె ఈదు పురుషబీజములు ఉండవచ్చునని అతడు సూచించెను. నలువదియైదేండ్ల పాటు ఎవ్వరును వానిని చూడలేదు. 1896లో జపాను దేశమున హిరాసే సాకుగోరో గింకో వృక్షమున వానిని కనుగొనెను. ఆ యేడే ఇకెనో సైకాస్ మొక్కయందు గూడ కనుగొనెను. హిరాసే పట్టము పుచ్చుకొన్నవాడు కాడు. టోక్యో విశ్వవిద్యాలయమున మొక్కల బొమ్మలు గీయు పనిలో కుదిరి, ఆ పనిలోనే సూక్ష్మదర్శినిని నేర్చినవాడు. అతడు పరీక్షించిన గింకో వృక్షము కొయిషికావా ఉద్యానవనమున నేటికిని పచ్చగా నున్నది.