ఒట్టో లిలియంతాల్

ఒట్టో లిలియంతాల్ (1848 మే 23 - 1896 ఆగస్టు 10) జర్మనీకి చెందిన ఇంజనీరు, విమానయాన రంగ మార్గదర్శకుడు. ఇంజను లేని గ్లైడర్లపై సుమారు 2000 సార్లు ఎగిరి ప్రసిద్ధుడయ్యాడు.

జీవితం

ఈయన ప్రష్యా రాజ్యంలోని అంక్లాం పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే తమ్ముడు గుస్తావ్‌తో కలసి కొంగలు ఎగిరే తీరును పరిశీలించేవాడు. బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి, అక్కడే ఆవిరి యంత్రాల కర్మాగారం స్థాపించాడు.

రెక్కల నిర్మాణం

చదునైన రెక్క కంటె కొద్దిగా వంపు గల రెక్కను గాలి ఎక్కువ బలంతో పైకెత్తుతుందని కొలతలతో నిరూపించి, 1889లో గ్రంథం ప్రచురించాడు. అటువంటి రెక్క తేలికగాను, దృఢంగాను ఉండాలి. అందుకై విల్లో కర్రలతో చట్రం కట్టి, దానిపై నూలుగుడ్డ బిగించాడు. కర్ర భారాన్ని మోయగా, గుడ్డ గాలిని పట్టి ఉంచేది. 1894 నాటి గ్లైడరు రెక్కల విస్తీర్ణం సుమారు 13 చదరపు మీటర్లు కాగా, మొత్తం బరువు 20 కిలోలు మాత్రమే. రెక్కలను మడిచి తీసుకువెళ్ళే వీలుండేది. నేటి రేడియో నియంత్రిత నమూనా గ్లైడర్లలో కార్బన్ నారలు, గాజు నారల పొరలు ఇదే విధంగా పనిని పంచుకుంటున్నాయి.

ప్రయోగాలు, మరణం

1891లో డెర్విట్జ్ వద్ద ఎగరడం ప్రారంభించాడు. తరువాత రినో కొండలపై నుండి 250 మీటర్ల దూరం వరకు ఎగిరాడు. శరీరాన్ని అటూ ఇటూ కదిలించడమే గ్లైడరును అదుపు చేసే ప్రధాన మార్గం. గాలి ఉధృతి పెరిగితే అది చాలేది కాదు. 1896 ఆగస్టు 9న గ్లైడరు గాలిలో వేగం కోల్పోయి కూలడంతో వెన్నెముక విరిగి, మరునాడు బెర్లిన్‌లో మరణించాడు. ఆయన కృషితో ఉత్తేజితులైన రైట్ సోదరులు, శరీర కదలికపై ఆధారపడక, రెక్కలనే మెలితిప్పి అదుపు చేసే పద్ధతిని రూపొందించారు.