యంత్రశిల్పి హెన్రీ రాయిస్

రోల్సు రాయిస్ కారు పేరు విననివారు అరుదు. రాజులును, కోటీశ్వరులును దానిని తమ వైభవమునకు గుర్తుగా నెంచుచుండిరి. కాని ఆ కారును నిర్మించిన హెన్రీ రాయిస్ ఐశ్వర్యమున పుట్టినవాడు కాడు; ఆకలి బాధ నెరిగి పెరిగినవాడు.

రాయిస్ ఇంగ్లండు దేశమున పీటర్‌బరో పట్టణమునకు సమీపముననున్న ఆల్వాల్టన్ గ్రామమున 1863వ సంవత్సరము మార్చి 27వ తేదీన జన్మించెను. తండ్రి పిండిమర నడుపుచుండెను. వ్యాపారము చెడుటచే ఆ కుటుంబము లండను నగరము చేరెను. 1872లో తండ్రి మరణించెను. అప్పటికి హెన్రీ తొమ్మిదేండ్ల బాలుడు. ఆ పసివాడు వీథులలో వార్తాపత్రికలు అమ్మెను; పిమ్మట ఇంటింటికి తంతివార్తలు అందించెను. అందుచే బడిలో కూర్చుండి చదువుకొను భాగ్యము ఆతనికి మిక్కిలి స్వల్పముగనే లభించెను.

బంధువురాలొకతె జాలి తలచి రుసుము చెల్లింపగా, రాయిస్ పీటర్‌బరోలోని రైల్వే కర్మాగారమున పని నేర్చుకొనుటకు ప్రవేశించెను. మూడేండ్లు గడచునప్పటికి ఆమె ధనసహాయము నిలిచిపోయెను. పని పూర్తిగా నేర్వకయే ఆతడు బయటికి రావలసివచ్చెను. లీడ్సు నగరమున వారమునకు 11 షిల్లింగుల కూలికి పనిముట్లు చేయుచు కాలము గడపెను. అనంతరము విద్యుద్దీపముల సంస్థలో చేరి, పగలు పనిచేయుచు, రాత్రివేళ తరగతులకు పోయి విద్యుచ్ఛాస్త్రము నభ్యసించెను. 1884లో మాంచెస్టరు నగరమున ఒక మిత్రునితో కలసి చిన్న కర్మశాల స్థాపించెను. విద్యుద్గంటలు, డైనమోలు, బరువులెత్తు క్రేనులు అచ్చట తయారగుచుండెను. పనిలో లీనమైన రాయిస్ అన్నపానములను సైతము మరచుచుండెనట!

1903లో ఆయన ఫ్రెంచి దేశపు డికావిల్ కారు నొకదానిని కొనెను. దాని పనితనము ఆయనకు తృప్తి కలిగింపలేదు. అంతకంటె మేలైన కారును తానే చేయగలనని నిశ్చయించుకొనెను. 1904 ఏప్రిల్ 1వ తేదీన ఆయన నిర్మించిన మొదటి కారు కర్మశాల నుండి బయలుదేరెను. ఆ సంవత్సరము మే నెలలో చార్లెస్ రోల్సు అను ధనికయువకుడు రాయిస్‌ను కలిసికొని, ఆ కారులోని నిశ్శబ్దతకు ముగ్ధుడై, రాయిస్ చేయు కార్లనన్నిటిని తానే అమ్ముటకు ఒప్పుకొనెను. వారిరువురి పేర్లతో 1906లో సంస్థ యేర్పడెను. కొద్దికాలమునకే ఆరు సిలిండర్ల ఇంజను గల సిల్వర్ ఘోస్టు కారు వెలువడెను. 1907లో జరిగిన పరీక్షలో అది దాదాపు 15,000 మైళ్లు తిరిగి, యంత్రదార్ఢ్యమునకు కీర్తి గడించెను.

ఇచ్చట ఒక సాంకేతిక విషయము తెలిసికొనవలెను. కారు ఇంజను నుండి వచ్చు కడ్డీ చివర ఒక చిన్న పళ్ళచక్రమును, వెనుక ఇరుసుమీద ఒక పెద్ద పళ్ళచక్రమును ఉండును. చిన్నదానికంటె పెద్దదానికి మూడురెట్లు పండ్లున్నచో, కడ్డీ మూడు చుట్లు తిరిగినప్పుడు బండిచక్రము ఒక చుట్టు తిరుగును. ఇదియే వెనుక ఇరుసు నిష్పత్తి. బండిచక్రము చుట్టుకొలత 2.5 మీటర్లనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు చక్రము నిమిషమునకు 400 చుట్లు తిరుగును. ఇంజను సూటిగా కడ్డీని త్రిప్పు పై గేరులో, నిష్పత్తి మూడైనచో ఇంజను 1,200 చుట్లు, నాలుగైనచో 1,600 చుట్లు తిరుగవలెను.

సైకిలు తొక్కువారికి ఇది సులభముగా బోధపడును. వెనుక చక్రమునకు ఎక్కువ పండ్లుగల పళ్ళచక్రము వేసినచో ఎత్తు ఎక్కుట తేలిక. కాని సమతలమున కాళ్ళు వడివడిగా ఆడింపవలెను, బండి అంతగా సాగదు. కారునకును ఇట్లే. నిష్పత్తి సంఖ్య పెద్దదైనచో బలము హెచ్చును. చప్పుడును, ఇంధనవ్యయమును హెచ్చును. చిన్నదైనచో పయనము నెమ్మదిగా, పొదుపుగా సాగును. కాని కొండదారిలో ఇంజను అలసిపోవును. ఒకటి కోరినచో మరియొకటి విడువవలెను. ఏది ఎంత విడువవలెనో నిర్ణయించుటయే యంత్రశిల్పి వివేకము.

సిల్వర్ ఘోస్టు తక్కువ వేగమునను బలముగా లాగు ఇంజను గలది. 1911లో ఆ జాతి కారు లండను నుండి ఎడింబరో నగరమునకును, తిరిగి లండనుకును పై గేరు మార్పకయే ప్రయాణము చేసెను. గ్యాలనుకు 24 మైళ్ళకు మించి నడచెను. పిదప బ్రూక్‌లాండ్సు పందెపుబాటలో అదే కారు గంటకు 78 మైళ్ళ వేగము నందుకొనెను. సంస్థవారి ఆనందమునకు మేర లేకుండెను.

అంతలో గర్వభంగమయ్యెను. 1912లో ఆల్ప్సు పర్వతములలో జరిగిన పోటీకి ఒక సిల్వర్ ఘోస్టును దాని యజమాని నడిపికొనిపోయెను. ఆస్ట్రియాలోని కాట్స్‌బెర్గు కనుమలో నిట్టనిలువు దారి ఎదురయ్యెను. మూడు గేర్లే గల ఆ కారు మొదటి గేరులోను ఆ వాలుమీద కదలజాలకపోయెను. కూర్చున్నవారు కొందరు దిగినపిదపగాని అది ముందుకు సాగలేదు. సమతలమున మేటియైన కారు కొండముందు తలవంచెను.

సంస్థవారు ఈ అపజయమును దాచిపుచ్చలేదు, కారణమును వెదకిరి. వెనుక ఇరుసు నిష్పత్తిని పెంచినచో కొండ నెక్కవచ్చును. కాని ఇరుసు అన్ని గేర్లకును ఉమ్మడి గనుక సమతలమునందలి ప్రశాంతగమనము నశించును. ఆ గుణమును చంపుకొనక, నాలుగు గేర్ల పెట్టె నమర్చి, మిక్కిలి బలమైన మొదటి గేరు కల్పించిరి. ఇంజను శక్తిని కూడ పెంచిరి. 1913 పోటీలో సిల్వర్ ఘోస్టు కార్లు ఆ కనుమను అవలీలగా దాటి, ప్రేక్షకుల నబ్బురపరచెను.

ఇంతలో రాయిస్ ఆరోగ్యము క్షీణించెను. ఏండ్ల తరబడి నిద్రాహారములు లేక చేసిన శ్రమకు శరీరము మూల్యము చెల్లింపవలసివచ్చెను. 1912లో పెద్ద శస్త్రచికిత్స జరిగెను. అటుపిమ్మట కర్మాగారమునకు దూరముగా, దక్షిణ ఫ్రాన్సునందును, ఇంగ్లండు సముద్రతీరమునందును నివసించుచు, చిత్రపటములు గీయించి పంపుచు పనిని నడపెను. విమానముల ఇంజనులనుగూడ రూపొందించెను. 1930లో ప్రభుత్వము ఆయనకు బారనెట్ బిరుదమొసగెను. 1933 ఏప్రిల్ 22వ తేదీన ఆయన పరమపదించెను.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ఆరవ నిజాము కోరి చేయించిన పసుపువన్నె సిల్వర్ ఘోస్టు కలదు. దానిని చూచువారు పైమెరుగులను మెచ్చుకొందురు. కాని కంటికి కానరాని పళ్ళచక్రములందే దానిని నిర్మించినవాని ప్రతిభ దాగియున్నది. పేదరికమున పుట్టి, చదువునకు నోచుకొనక, లోపము కనబడినచోట దానిని దిద్దుటయే వ్రతముగా జీవించిన ఆ మహాశిల్పి చరిత్రము విద్యార్థులకు ఆదర్శప్రాయము.