మన ఉప్పుడబ్బా వెనుక ఓ శ్రీకాకుళం డాక్టరు

పొద్దున్న లేవగానే నీరసం, ఒళ్లు బరువు, దువ్వెన నిండా జుట్టు. ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. మాత్రలు మొదలుపెట్టాక ఆ జబ్బు గురించి చదువుతుంటే ఓ తెలుగు డాక్టరు పేరు కనిపించింది. ఆయనే వులిమిరి రామలింగస్వామి.

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి వచ్చారు. తిండిలో లోపాలవల్ల వచ్చే జబ్బులమీదే ఆయన దృష్టంతా.

హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో అప్పట్లో ఎంతోమందికి గొంతు దగ్గర వాపు ఉండేది. అక్కడి నేలలో, నీళ్లలో అయోడిన్ తక్కువ. 1956లో ఆయన బృందం ఆ లోయని మూడు భాగాలు చేసింది. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూసింది. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్నచోట బడిపిల్లల్లో ఆ వాపు దాదాపు సగానికి తగ్గిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తర్వాత వాళ్లకీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు.

ఇంతకీ అయోడిన్ చేసేదేమిటి? థైరాయిడ్ గ్రంథి దాంతోనే హార్మోను తయారుచేస్తుంది. అది రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. తిరిగితే చాలదు. మా విజయపురి సౌత్ దగ్గర సాగర్ కుడికాలువకి నీళ్లొదిలినా, పొలం దగ్గర తూము తెరవకపోతే మడి తడవదు కదా! కణాల్లో ఉండే రిసెప్టర్లు ఆ తూముల్లాంటివే. హార్మోను వాటికి అతుక్కుంటేనే కణం పనిలోకి దిగుతుంది. అయోడిన్ లేదంటే కాలువలో నీళ్లే లేనట్టు. అరుదుగా కొందరికి పుట్టుకతోనే రిసెప్టర్లలో లోపం ఉంటుంది. అంటే కాలువ నిండుగా ఉన్నా తూము మూసుకుపోయినట్టన్నమాట.

కడుపులో బిడ్డ మెదడు ఎదగాలన్నా ఈ హార్మోనే కావాలి. తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ చెవుడుతోనో, బుద్ధిమాంద్యంతోనో పుట్టే ప్రమాదముంది. రామలింగస్వామి గారి పని విలువ గొంతువాపుతో ఆగిపోయేది కాదని ఇక్కడే తెలుస్తుంది.

1969 నుంచి 1979 దాకా ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టరుగా, ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేశారు. 2001 మే 28న కన్నుమూశారు.

నా జబ్బు ఉప్పుతో పోయేది కాదు. నా ఒంట్లోని రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీసింది కాబట్టి రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాల్సిందే. మీకూ ఇలాంటి నీరసం ఉంటే బద్ధకమని సరిపెట్టుకోకండి, ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. ఉప్పుడబ్బా మూత మాత్రం గట్టిగా పెట్టండి. అందులో ఓ డాక్టరుగారి కష్టం ఉంది.